రేపట్నుంచి మానేస్తానన్న మాట మానేశాక

మా గుంటూరు లూథరన్ చర్చిల్లో డిసెంబరు 31 రాత్రి కూర్చోడానికి చోటు దొరకదు. పన్నెండు కొట్టగానే గంట మోగుతుంది. ఒకళ్ళకొకళ్ళు చేతులు కలుపుకుంటారు, బుట్టలోంచి బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటారు, మనసులో ఒక ఒట్టు పెట్టుకుని ఇళ్ళకు పోతారు. ఆ ఒక్క రాత్రి మానేసినంతమంది తాగుబోతులు ఏడాది పొడుగునా మానెయ్యరు. నేనూ ఆ బాపతులో పాతకాపునే. "ప్రభువా, ఇక జన్మలో ముట్టను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాణ్ణి, సంక్రాంతి దాటకుండానే నేను పనిచేసే మిర్చి యార్డు బయట గ్లాసు పట్టుకుని కనపడేవాణ్ణి.

ఆ తర్వాత శ్రమ దినాలు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా నలభై రోజులు మాంసం, మందు బంద్. తొలి రోజుల్లో అది నాకు కష్టమనిపించేది కాదు. మా పక్క కొట్టు గుమస్తా కార్తీకంలో అయ్యప్ప మాల వేసేవాడు. మండలం పూర్తయ్యేదాకా చుక్క ముట్టడు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం నన్ను పిలిచేవాడు. ఈస్టరు సాయంత్రం నేను వాణ్ణి పిలిచేవాణ్ణి. మతసామరస్యమంటే మాదే. నలభై రోజులు ఆగగలిగాం కాబట్టి మనకు వ్యసనం లేదురా అని ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం సర్టిఫికెట్ ఇచ్చుకునేవాళ్ళం.

ఒట్టు తప్పడంలో మా రాష్ట్రమూ తక్కువ తినలేదు లెండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేవదీసిన పోరాటంతో 1993లో సారా ఆపారు. 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మద్యం మొత్తం నిషేధించింది. 1997లో ఎత్తేశారు. మా నాన్న సారా పాకెట్ల కాలం మనిషి. నిషేధం వచ్చిన కొత్తల్లో మా అమ్మ చర్చిలో కృతజ్ఞత కానుక వేసిందట. ఎత్తేసినప్పుడు ఆ కానుక వెనక్కి అడగాల్సిందని నాన్న నవ్వేవాడు. ప్రభుత్వమే మూడేళ్ళు ఆగలేకపోయింది, నేనెంత?

జన్మకంతా సరిపడా ఒట్టు పెట్టుకోవడం నాకు బాగా వచ్చు. ఒట్టు పెట్టుకున్న రోజు సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలో మాత్రం చాలా ఏళ్ళు తెలియలేదు. ఈ రాతంతా ఆ ఆరింటి గురించే.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తాను. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు సీజను. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి లారీల మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. తేజ, 334, 341 అని రకాలు. రంగు పోయిన తాలు కాయది వేరే లెక్క. కొనేవాడు గుప్పెడు కాయ బయటికి లాగి, ఒకటి విరిచి, తేమ చూసి, ఇంకొకటి చెవి దగ్గర ఆడించి గింజ గలగల విని రేటు చెబుతాడు. రేటు తెగాక కాటా. కాటా పక్కన నిలబడి ఒక్కో టిక్కీ తూకం చిట్టీ మీద వెయ్యడం నా పని. ఘాటుకి తుమ్ములు, దగ్గు, కళ్ళ మంట. కొత్తవాళ్ళు అరగంట నిలబడలేరు. గొంతులో ఈ మంట చల్లారాలంటే సాయంత్రం ఒక క్వార్టర్ పడాల్సిందే అన్నది మా అందరి వైద్యశాస్త్రం. హమాలీ నుంచి షావుకారు బావమరిది దాకా ఎవర్నడిగినా అదే చెబుతారు. దాంతో మంట తగ్గదని కూడా అందరికీ తెలుసు.

మొదట్లో సాయంత్రం ఒకటి. తర్వాత పడుకునే ముందు ఇంకొకటి. ఆ తర్వాత పొద్దున పళ్ళు తోముకోగానే రెండు గుటకలు. అది కిక్కు కోసం కాదు, చెయ్యి వణక్కుండా అంకెలు వెయ్యడం కోసం. ఒకరోజు వినుకొండ వైపు రైతు ఒకాయన చిట్టీ చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"ఇది నాలుగా, తొమ్మిదా గుమస్తాగారూ?"

చూశాను. నలభై నాలుగో నలభై తొమ్మిదో నాకూ తెలియలేదు. ఆయన అరవలేదు. చొక్కా జేబులోంచి తన పెన్ను తీసి, "మళ్ళీ తూయించండి, అంకె నేనేస్తా" అన్నాడు. ముఠా కూలీ విసుక్కుంటూ టిక్కీ మళ్ళీ కాటా మీద పడేశాడు. ఆయన వేసిన నాలుగు, పక్కన నా నాలుగు. నాది పాకుతున్న జెర్రిలా ఉంది. అయిదు కిలోల తేడా అంటే అప్పటి రేటుకు వెయ్యి రూపాయల దాకా మాట. మా షావుకారు చిట్టీ చూశాడు, నా మొహం చూశాడు. "సీజనయ్యేలోపు మనిషివైతే సరి. లేకపోతే వచ్చే ఏడు వేరేవాణ్ణి చూసుకుంటా" అన్నాడు.

ఇంట్లో అప్పటికే అన్ని మొక్కులూ అయ్యాయి. మా ఆవిడ పుట్టిల్లు విజయవాడ, ఆర్సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ వాళ్ళు. ఫిబ్రవరి 11 గుణదల మేరీమాత తిరునాళ్ళకు మా అత్తగారు కొండెక్కి నా పేరున కొవ్వొత్తులు వెలిగించేవారు. మా లూథరన్ చుట్టాలు మరియమ్మకు మొక్కులేందని గొణిగేవారు. నా తాగుడు పుణ్యమా అని రెండు సంఘాల మధ్య సిద్ధాంత చర్చ బాగా జరిగింది. నేను తాగుతూనే ఉన్నా.

ఆఖరికి మా బంధువు ఒకాయన ఊరి చివర ఒక ప్రార్థన మందిరంలో మూడు రోజుల ఉపవాస కూటానికి నన్ను తీసుకుపోయాడు. ఆ మందిరం పేరు ఇక్కడ అనవసరం. మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. మొదటి రోజు సాయంత్రానికే చేతులు, నాలిక వణకడం మొదలైంది. ఒళ్ళంతా చెమట. రాత్రంతా కునుకు లేదు. రెండో రోజు చీకటి పడేసరికి గోడ మీద ఎర్రగా ఏదో కదులుతూ కనపడింది. ఎండుమిరపకాయలు. బారులు తీరి పైకి పాకుతున్నాయి. పక్కనున్నాయనకు చూపించాను. ఆయన "యేసు రక్తమే జయం" అని గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నాకు తెలియదు. ఫిట్స్ వచ్చాయట. దయ్యం వదిలిపోతోందని డప్పు వేగం పెంచారట.

ఆ కూటానికి మా చర్చి నుంచి రిటైరైన నర్సమ్మగారు ఒకామె వచ్చి ఉండటం నా అదృష్టం. ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, "ఇది దయ్యం కాదయ్యా. రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే ఫిట్స్. ఆటో పిలవండి ముందు" అని కేకలేసిందట. ఎవరో "విశ్వాసం ఉంచాలి సిస్టర్" అన్నారట. "ఉంది కాబట్టే ఆటో పిలవమంటున్నా" అందట. ఈ మాట మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. ఆ రాత్రి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆఖరి చుక్క పడిన కొన్ని గంటలకే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో. రెండో రోజు, మూడో రోజు మనిషి మతి తప్పి లేనివి చూస్తాడు, జ్వరం పెరుగుతుంది, గుండె దడ. వైద్యం అందకపోతే చనిపోవచ్చు కూడా. మానాలన్న బుద్ధి పుట్టినవాణ్ణి ఇంట్లో పెట్టి తాళం వేసేవాళ్ళను, కొట్టి కూర్చోబెట్టేవాళ్ళను, కూటాల్లో పస్తులుంచేవాళ్ళను చూశాను. దయచేసి ముందు డాక్టరుకు చూపించండి. ప్రార్థన వార్డులో కూడా చేసుకోవచ్చు. దేవుడికి ఆసుపత్రి మెట్లు ఎక్కడం తెలుసు.

సర్కారు ఆసుపత్రిలో ముందు బి1 విటమిను ఇంజక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే గ్లూకోజు పెట్టారు. తాగుడుతో ఒంట్లో బి1 అడుగంటిపోతుందట. అది పడకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకం పోయే ప్రమాదముందట. వణుకు తగ్గడానికి క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు మొదట ఎక్కువ డోసులో ఇచ్చి, రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు. పక్క మంచం మీద తాడికొండ వైపు కుర్రాడు, అవతల ఒక రిటైర్డ్ మేష్టారు. పలకరింపుల్లో ఎవరూ కులం అడగలేదు. ఏ బ్రాండు అని అడిగారు.

నర్సమ్మగారు రోజూ క్యారేజీలో పప్పన్నం తెచ్చేది. ఆమె చదివింది కుగ్లర్ ఆసుపత్రిలో. ఆ కథ ఆమె నోట వినాలి. 1842లో ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చాడు. మధ్యలో స్వదేశం వెళ్ళినప్పుడు వైద్యం కూడా చదువుకుని డాక్టరై మళ్ళీ వచ్చాడు. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చింది. ఆడవాళ్ళను మగ డాక్టరుకు చూపించని రోజులవి. 1898కి ఆసుపత్రి కట్టించింది, 1930లో చనిపోయేదాకా ఈ ఊరినే నమ్ముకుంది. "మనూళ్ళోకి సువార్తా మందుసీసా ఒకే సంచిలో వచ్చినయి అబ్బాయ్. వాటిని ఇప్పుడొచ్చి విడదీసేదానికి ఈళ్ళెవరు?" అనేది నర్సమ్మగారు. ఆ మాటతో నా మనసులో ముడి ఒకటి విడిపోయింది. మాత్ర మింగితే విశ్వాసం తక్కువైనట్టేమో అన్న గిల్టు అక్కడితో సరి.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మగారు తాగుడు మానడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర గురించి చెప్పింది. ఆ మాత్ర వేసుకుంటూ మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. మాత్ర ఆపేసిన రెండు వారాల దాకా ఆ గొడవ రావచ్చు. లివరు పరీక్ష చేసి, సంతకం పెట్టించుకుని, ఇంట్లోవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి ఇచ్చింది. మన ఊళ్ళ గోడల మీద "పేషెంటుకు తెలియకుండా మందు మాన్పించబడును" అని రాసి ఉంటుంది చూడండి, అలాంటి దొంగచాటు వైద్యంలో కూరలో ఈ మాత్రే కలిపితే మనిషి పోవచ్చు. ఎప్పుడో తెలిసినవాళ్ళు చెబితే మా ఆవిడ కూడా అలాంటి పొట్లం ఒకటి కొని పోపులపెట్టెలో దాచిందట. డాక్టరమ్మ మాట విన్న రోజు ఇంటికెళ్ళి మరుగుదొడ్లో పోసేసింది.

"దగ్గు మందు తాగేముందు సీసా మీద చదువు. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను మానెయ్. మీరు క్రైస్తవులా? మీ చర్చిలో ఇచ్చే ద్రాక్షరసం ఎట్టాంటిది?" అని అడిగింది డాక్టరమ్మగారు. నేను బిక్కమొహం వేశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నెలనెలా పుచ్చుకుంటున్నా, అది ఎక్కణ్ణుంచి వస్తుందో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

మా చర్చి పాస్టరు అయ్యగారిని అడిగితే ఆయన నన్ను వాళ్ళ వంటింట్లోకి తీసుకుపోయాడు. శనివారం సాయంత్రం అది. అమ్మగారు నల్ల ఎండుద్రాక్ష నీళ్ళలో నానబెట్టి, ఉడికించి, గుడ్డలో వేసి పిండుతోంది. చేతులు మోచేతుల దాకా ఊదారంగు. "మరిగిందయ్యా, ఇందులో పులుపెక్కింది ఏమీ లేదు" అంది. "కాకపోతే పెద్ద కూడికలప్పుడు బయట్నుంచి సీసాలు తెస్తారు. అవి ఎట్టాంటివో నేను చెప్పలేను" అన్నాడు అయ్యగారు. మరి అప్పుడేం చెయ్యాలి? రొట్టె, పాత్ర రెండూ అందరికీ ఇవ్వాలని పట్టుబట్టినవాళ్ళం లూథరన్లం. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "ఆ రోజు రొట్టె పుచ్చుకుని లేచిపో. రొట్టెలో వచ్చే ప్రభువు సగం ప్రభువు కాడు" అన్నాడు.

అట్లా ఒక కూడికలో పాత్ర నా దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపి లేచాను. వెనక వరసలో పెద్దావిడ పక్కావిడ చెవిలో "వాడికి పాత్ర ఇవ్వలేదే, ఏం పాపం చేశాడో" అనడం నాకు వినపడింది. వినపడాలనే అన్నదనుకుంటా.

ఇక అసలు సంగతి. వార్డులో ఉండగా అయ్యగారు చూడటానికి వచ్చినప్పుడు, "ఈ బంధకం నా నుంచి శాశ్వతంగా పోవాలని ప్రార్థన చెయ్యండయ్యగారూ" అని చేతులు పట్టుకున్నా. ఆయన ప్రార్థన మొదలుపెట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"శాశ్వతం సంగతి తర్వాత. ఇంటికెళ్ళిన రోజు సాయంత్రం ఏడింటికి ఏం చేస్తావు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన నిర్గమకాండం పదహారో అధ్యాయం తీశాడు. అరణ్యంలో మన్నా కురిసిన కథ. సండే స్కూల్లో బొమ్మలేసినవాళ్ళమే అందరం. ఎవరి తిండికి తగినంత వాళ్ళు ఆ రోజుకి ఏరుకోవాలి. తెలివిగా రేపటికి దాచుకున్నవాళ్ళ కుండలో పురుగులు పట్టి కంపు కొట్టింది. "నువ్వు డిసెంబరు 31న అడిగేది ఏడాది మన్నా. దేవుడి దగ్గర ఆ సైజు మూట లేదు. పొద్దుటిది పొద్దున, అంతే. 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' అని ప్రభువే నేర్పించాడు కదా. నెల సరుకులు అడగమన్లేదు" అన్నాడు. విశ్రాంతి దినం ముందు రోజు మాత్రం రెండింతలు దొరికేది కదయ్యా అని అడిగాను, యార్డు గుమస్తా బుద్ధి పోనిచ్చుకోలేక. "అయితే శనివారం రెండుసార్లు ప్రార్థన చేసుకో" అని లేచి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పొద్దూ, నాకు మొదట నిరాశగా ఉంది. కుంటివాడు లేచి గంతులేసినట్టు ఏదో జరగాలని నా ఆశ. ఈయనేమో సాయంత్రం ఏడు అంటాడు. కాకపోతే మంచం మీద పడుకుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. నేను తాగిన ప్రతి రాత్రీ మనసులో అనుకున్నది ఒకటే, రేపట్నుంచి మానేస్తాను. ఆ రేపు ఉంది కాబట్టే ఈ రాత్రి ధైర్యంగా తాగాను. రేపటిని నా నుంచి లాగేసుకుంటే నా తాగుడుకు కాళ్ళు లేవు. సామెతల గ్రంథం ఇరవై మూడో అధ్యాయంలో తాగుబోతు వర్ణన ఉంది, నన్ను పక్కన పెట్టుకుని రాసినట్టుంటుంది. దెబ్బలు తిని పడి ఉన్నవాడు ఆఖర్న అనేది కూడా అదే, ఎప్పుడు లేస్తానా, మళ్ళీ ఎప్పుడు వెతుక్కుంటానా అని.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఆ రెండు గంటలు దాటితే మిగతా రోజు నాకు పెద్ద లెక్క కాదు. కాబట్టి ఏర్పాట్లన్నీ ఆ రెండు గంటలకే. అయిదున్నరకే కొట్లో కూర్చుని నాలుగు ఇడ్లీలో పెసరట్టో తినేస్తా. ఖాళీ కడుపుతో బయట అడుగు పెట్టకూడదు, ఆకలినీ తాగుడు కోరికనీ నా ఒళ్ళు వేరుగా గుర్తుపట్టదు. జీతం, సీజను బోనసు షావుకారు నేరుగా మా ఆవిడ ఫోనుకు కొడతాడు. నా జేబులో ఆటో ఛార్జీలు, ఒక సోడాకు డబ్బులు. నా ఫోన్లో డబ్బులు పంపే యాప్ లేదు. ఈ కాలంలో అది లేని మనిషిని టీ బంకువాడు కూడా వింతగా చూస్తాడు, చూడనీ.

డాక్టరమ్మగారు చెప్పిన ఒక్క మాట నాకు బైబిలు వాక్యమంత పనికొచ్చింది. కోరిక పుట్టినప్పుడు అది పెరుగుతూనే పోతుందనుకుంటాం. పెరగదట. పావుగంట, మహా అయితే అరగంట ఎగిసి దానంతటదే దిగిపోతుందట. ఆ పావుగంట దానికి ఏమీ ఇవ్వకుండా ఉండగలిగితే చాలు. పరీక్షించి చూశాను, నిజమే. గొంతు లాగుతుంది, నోట్లో నీళ్ళూరతాయి, మనసు నల్లకోటు వేసుకుని వాదన మొదలుపెడుతుంది. దాంతో వాదనకు దిగితే నేనే ఓడిపోతా. అందుకని చేతికి పని పెడతా. సోడా బంకు దగ్గర నిలబడి గోలీసోడాలో నిమ్మకాయ పిండించుకుని చిన్న చిన్న గుక్కలుగా తాగుతా. అది అయ్యేదాకా ఏ నిర్ణయమూ లేదు.

నా ప్రార్థనలు కూడా చిన్నవైపోయాయి. పాత రోజుల్లో గంటసేపు ఏడ్చి ప్రార్థించేవాణ్ణి. ఇప్పుడు "ప్రభువా, లాలాపేట దాటిందాకా" అంతే. దాటాక "థాంక్స్ ప్రభువా, ఇంటి మెట్లెక్కిందాకా". ఎవరైనా వింటే ఆటోవాడితో బేరమాడుతున్నాననుకుంటారు. 2024 అక్టోబరులో ప్రభుత్వ మద్యం దుకాణాలు పోయి మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి. నేను రోజూ వచ్చే దారిలోనే ఒకటి వెలిసింది, పెళ్ళిపందిరిలా లైట్లు. 99 రూపాయలకే క్వార్టర్ అని యార్డంతా ఒకటే చర్చ. మానకముందు ఈ రేటు వస్తే ఏమైపోయేవాణ్ణో అని ఒకసారి లెక్క వెయ్యబోయి ఆపేశాను. అది కూడా రేపటి లెక్కలాంటిదే, ఈ సాయంత్రానికి పనికిరాదు.

మా లూథరన్ పిల్లలం చర్చిలో పూర్తి సభ్యులయ్యే ముందు చదివే నిర్ధారణ తరగతిలో, మా సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరి బట్టీ పట్టేవాళ్ళం. 1529 నాటిది. బాప్తిస్మం గురించి అడిగిన చోట, మనలోని పాత ఆదాము ప్రతిరోజూ పశ్చాత్తాపంతో మునిగి చావాలి, ప్రతిరోజూ కొత్త మనిషి లేవాలి అని ఉంటుంది. పన్నెండేళ్ళప్పుడు అప్పజెప్పి చాక్లెట్ తీసుకున్నా. ప్రతిరోజూ అన్నమాట అప్పుడు నా చెవిన పడలేదు. ఒక్కసారి ముంచితే చాలనుకున్నా. అయ్యగారి దగ్గర ఈ మాట ఎత్తితే, "వాడికి ఈతొచ్చు బాబూ, అదే తంటా" అన్నాడు.

విజయవాడలో మా బావమరిది ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఒక చర్చి స్కూలు గదిలో జరిగే ఏఏ మీటింగుకి పోతుంటా. ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడటంతో మొదలైంది. వాళ్ళ పద్ధతిలోనూ ఈ ఒక్క రోజే అన్నది గట్టి మాట. అక్కడ హిందువులు, ముస్లింలు, నాబోటి వాళ్ళు అందరూ ఉంటారు. పేరు చెప్పి, నేను తాగుబోతుని అని చెప్పి మొదలుపెట్టాలి. చర్చిలో "పాపిని" అని చెప్పడం అలవాటై పోయి నొప్పి తెలియదు. ఇక్కడ ఈ మాట అనడానికి గొంతు పెగల్లేదు.

అన్నిటికంటే కష్టమైంది 2025 సీజను. అంతకుముందు సీజన్లలో క్వింటాలు ఇరవై వేలు దాటి చూసిన రైతులు ఆ ఫిబ్రవరిలో యార్డుకి సరుకు తెచ్చి సగం రేటు విని నేల మీద కూలబడ్డారు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. పెట్టుబడులు దానికంటే ఎక్కువని రైతుల మాట. కాటా దగ్గర నిలబడి అంకెలు వేస్తుంటే ఎవరి మొహంలోకీ చూడబుద్ధయ్యేది కాదు. ఒక సాయంత్రం మాకు ఏళ్ళ తరబడి సరుకేసే రైతు, వరసకు బాబాయి అని పిలిచేవాణ్ణి, డబ్బులు లెక్కపెట్టుకుని రుమాల్లో కట్టుకుని, "రా అబ్బాయ్, కాసేపు కూచుందాం. ఇయ్యాళ నేను ఒక్కణ్ణే కూచోలేను" అన్నాడు.

ఇది షాపు లైట్లలాంటిది కాదు. వద్దంటే ఆయన దుఃఖాన్ని వద్దన్నట్టుంటుంది. కూర్చుంటే నా చెయ్యి ఊరుకోదు. ప్రార్థన చేసుకునే టైము కూడా లేదు, ఆయన నా భుజం మీద చెయ్యేసి నడిపిస్తున్నాడు. "బాబాయ్, నాకు ఆకలేస్తోంది. ముందు అన్నం తిందాం పద" అన్నా. తప్పించుకోడానికి అన్న మాట అది, మహిమ ఏమీ లేదు. మెస్సులో కూర్చున్నాం. ఆయన పప్పు కలుపుకుంటూ కలుపుకుంటూ ఏడ్చాడు. రెండో కూర వడ్డించేసరికి పెద్దకూతురు పెళ్ళి అప్పు సంగతి చెప్పాడు. పెరుగన్నంలోకి వచ్చేసరికి బస్సు టైమైంది. లేచి చెయ్యి కడుక్కుని, "నువ్వు మానేశావంట గదా, మర్చిపోయా" అన్నాడు. బస్సెక్కించి వచ్చా. ఆయన నర్సరావుపేటలో దిగి తాగాడో లేదో నాకు తెలియదు. అడగలేదు.

మా చర్చిలో ఏటా జరిగే కూడికల్లో నన్ను సాక్ష్యం చెప్పమంటారు. మొదటిసారి మైకు ముందు నిలబడి ఇడ్లీల సంగతి, బి1 ఇంజక్షన్, ఆటో ఛార్జీలు చెప్పాను. జనం నీరసపడ్డారు. ముందు మాట్లాడినాయన ఒక్క ప్రార్థనతో పెట్టె సిగరెట్లు, ఫుల్ బాటిలు, జూదం అన్నీ వదిలేశాడు మరి. ఆయనది అబద్ధమని నేను అనను. దేవుడు కొందరికి అట్టా ఇస్తాడేమో. అయితే ఆ ఒక్క తరహా సాక్ష్యమే వింటూ పెరిగితే నాలాంటివాడు తనకు జరగలేదు కాబట్టి దేవుడు తనను వద్దనుకున్నాడని తీర్మానించుకుని నేరుగా షాపుకి పోతాడు. నేను పోయాను కాబట్టి చెబుతున్నా. కూటం అయ్యాక ఒక కుర్రాడు సైకిలు స్టాండు దగ్గర ఆపి, "అన్నా, ఆ ఇడ్లీలు ఎన్నింటికి తింటావు?" అని అడిగాడు. వాడికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ నంబరు 14416 ఫోన్లో వేసిచ్చా. రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, వాడుతున్న మందుల చీటీలు, దగ్గరుండే మనిషి ఒకరు కావాలని చెప్పా. "ఒక్కసారిగా ఆపి రావాలా?" అన్నాడు. "అస్సలొద్దు, డాక్టరుకి చూపించుకున్నాకే" అన్నా.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నిద్ర సరిగా పట్టడానికి చాలాకాలం పట్టింది. తీపి పిచ్చి పట్టుకుని షుగరు అంచులదాకా పోయింది. మా అబ్బాయి ఇంటర్లో ఉన్నాడు. నేను గుమ్మంలోకి రాగానే "నాన్నా, వచ్చావా" అంటూ దగ్గరికి వచ్చి నిలబడతాడు. ప్రేమ అనుకునేవాణ్ణి. వాసన చూడటానికని తర్వాత తెలిసింది. చూసుకోమని నేనే నోరు తెరిచి చూపిస్తున్నా ఈ మధ్య. నవ్వుతాడు గానీ చూడటం మానలేదు.

మొన్న మా ఆవిడతో, బోనసు వచ్చింది కదా, ఒక రెండు వేలు నా దగ్గర ఉంచుకోనా అన్నాను. కంది పచ్చడి రుబ్బుతోంది. తలెత్తకుండా, "ఈ నెలకి వద్దులే. వచ్చే నెల మళ్ళీ అడుగు, చూద్దాం" అంది. సరేనని ఆటో డబ్బులు తీసుకుని యార్డుకి బయల్దేరాను.